కొలెస్టరాల్ కథ: ప్రయోగశాల కుందేలు నుంచి బస్తర్ అడవి దాకా

గుండెజబ్బుల ప్రస్తావన ఎక్కడ వచ్చినా మనకు రెండు వాదాలు తప్పకుండా వినిపిస్తాయి. మొదటిది: బస్తర్ గోండులను చూడండి, అడవిలో వేటాడి మాంసం తింటారు, ఇప్పనూనెతో వండుకుంటారు, వాళ్ళకి కొలెస్టరాల్ పరీక్షలూ లేవు, గుండెపోట్లూ లేవు. రెండవది: మన తాతలు పేరిన నెయ్యి వేసుకుని నూరేళ్ళు బతికారు, ఈ కొలెస్టరాల్ భయం మందుల కంపెనీలు పుట్టించిన బూచి.

ఈ మాటలు అనేది చదువురాని వాళ్ళు మాత్రమే కాదు. దేవుణ్ణి, దయ్యాన్ని, జాతకాన్ని నమ్మని మన మిత్రులు కూడా అంటారు. కంపెనీల లాభాపేక్షను అనుమానించడం మంచిదే. కానీ అనుమానం అక్కడితో ఆగిపోతే అది ఇంకో నమ్మకంగా మారిపోతుంది. కొలెస్టరాల్ గురించి మనకు తెలిసింది ఎలా తెలిసింది, ఎవరు ఏ ప్రయోగం చేశారు, ఎక్కడ పొరబడ్డారు, ఎలా దిద్దుకున్నారు అనేది చూస్తే ఆ రెండు వాదాల్లో నిజమెంతో తేలుతుంది. చివరికి బస్తర్‌కే వద్దాం. మనకు పక్కనే ఉన్న ఆ ప్రాంతం ఈ విషయంలో చెప్పే పాఠం మనం అనుకునేది కాదు.

రాయిలో దొరికిన పదార్థం

కొలెస్టరాల్ మొదట దొరికింది రక్తంలో కాదు, పిత్తాశయంలో ఏర్పడే రాళ్ళలో. 18వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పులెటియే ద లా సాల్ దాన్ని గుర్తించాడు. 1815లో రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ అది మామూలు కొవ్వు కాదని తేల్చి, గ్రీకు భాషలో పైత్యరసం, గట్టిది అనే అర్థాలున్న మాటలు కలిపి పేరు పెట్టాడు.

ఇది విషం కాదు. మన శరీరంలో ప్రతి కణం గోడకూ ఇది కావాలి. పైత్యరసం, విటమిన్ డి, స్త్రీ పురుష హార్మోన్లు దీని నుంచే తయారవుతాయి. అవసరమైన దానిలో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. అందులో కాలేయానిది పెద్ద వాటా. తిండి ద్వారా వచ్చేది తక్కువ.

కొలెస్టరాల్ నీళ్ళలో కరగదు. రక్తం ప్రధానంగా నీరు. అందుకని శరీరం దాన్ని ప్రోటీన్ తొడుగున్న చిన్న చిన్న రేణువుల్లో పెట్టి రవాణా చేస్తుంది. సరుకును కణాలకు చేరవేసే రేణువును ఎల్‌డీఎల్ అంటారు. తిరిగి కాలేయానికి చేర్చడంలో పాలుపంచుకునేది హెచ్‌డీఎల్. జనం నోట "చెడ్డ కొలెస్టరాల్", "మంచి కొలెస్టరాల్" అని నలుగుతున్నవి ఇవే. రెండింటిలోనూ ఉన్న కొలెస్టరాల్ ఒకటే. బండ్లు వేరు, అంతే. ఎల్‌డీఎల్ బండ్లు రక్తంలో ఏళ్ళ తరబడి ఎక్కువ సంఖ్యలో తిరుగుతుంటే కొన్ని ధమని గోడలోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి. వాటిని మింగడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, వాపు మొదలవుతుంది, పూడిక పెరుగుతుంది. ఒక రోజు ఆ పూడిక చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసేస్తే అది గుండెపోటు. మెదడుకు వెళ్ళే ధమనిలో జరిగితే పక్షవాతం.

ఇది ఈనాటి అవగాహన. ఇక్కడికి చేరడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

కుందేళ్ళ వాదన

1908లో రష్యాలో ఇగ్నటోవ్‌స్కీ అనే వైద్యుడు కుందేళ్ళకు మాంసం, గుడ్లు, పాలు పెట్టి చూశాడు. వాటి ధమనులు పూడుకుపోయాయి. మాంసంలోని ప్రోటీనే విషమని ఆయన అనుకున్నాడు. 1910లో జర్మనీలో విండాస్, జబ్బుపడిన మనుషుల ధమనుల్లో ఆరోగ్యంగా ఉన్న వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కొలెస్టరాల్ ఉందని చూపించాడు. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యువకుడైన నికొలాయ్ అనిచ్‌కోవ్, తన సహచరుడు ఖలాటోవ్‌తో కలిసి సరైన ప్రశ్న వేశాడు. మాంసం, గుడ్డు అంటే పది పదార్థాల కలగలుపు కదా, అందులో దోషి ఎవరు? శుద్ధమైన కొలెస్టరాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కొన్ని కుందేళ్ళకు పెట్టాడు. ఉత్త నూనె మరికొన్నిటికి పెట్టాడు. నూనె ఒక్కటే తిన్న కుందేళ్ళకు ఏమీ కాలేదు. కొలెస్టరాల్ తిన్నవాటి ధమనులు పూడుకున్నాయి.

పోల్చడానికి రెండో గుంపు ఉండాలనే ఈ చిన్న నియమమే సైన్సుకూ, కాకతాళీయానికీ మధ్య గీత. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందనే వాడు ఎప్పుడూ తాయెత్తు కట్టని గుంపును చూపించడు.

అయితే అనిచ్‌కోవ్ మీద అప్పుడే ఒక అభ్యంతరం వచ్చింది. కుందేలు గడ్డి తినే జంతువు, దానికి కొలెస్టరాల్ పెడితే ఏమైనా అవుతుంది, అదే తిండి ఎలుకలకూ కుక్కలకూ పెడితే ధమనులు అంతగా పూడుకోవడం లేదు కదా అన్నారు. ఇది న్యాయమైన అభ్యంతరమే. ఎలుకలూ కుక్కలూ తిన్న కొలెస్టరాల్‌ను చురుగ్గా వదిలించుకుంటాయి, వాటి రక్తంలో అది పెరగదని తరువాత అర్థమయింది. అంటే అసలు ప్రశ్న నోట్లోకి ఎంత వెళ్ళిందన్నది కాదు, రక్తంలో ఎంత కాలం ఎంత ఉందన్నది. ఈ రెంటికీ తేడా తెలియకపోవడం వల్లనే ఈనాటికీ సగం గందరగోళం.

ఉదాహరణకు గుడ్డు. ఒక గుడ్డులో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటుంది. చాలామందిలో దానివల్ల రక్తంలో పెరిగేది కొద్దిగానే. సంతృప్త కొవ్వులు, ట్రాన్స్ కొవ్వులు అంతకంటే ఎక్కువ పెంచుతాయి. అందుకే 2015-20 అమెరికా ఆహార సూచనల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల పరిమితిని తీసేశారు. "చూశారా, సైంటిస్టులు మాట మార్చారు, కొలెస్టరాల్ మంచిదేనట" అని అప్పట్లో వాట్సాప్ అంతా ఊగిపోయింది. వాళ్ళు సడలించింది తిండిలోని కొలెస్టరాల్ లెక్కను. రక్తంలోని ఎల్‌డీఎల్ గురించి చెప్పింది మార్చలేదు.

మేనరికం ఇళ్ళలో ప్రకృతి చేసే ప్రయోగం

కుందేలును నమ్మం, మనుషుల్లో రుజువు చూపించమంటారా? 1930ల చివర్లో నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ కొన్ని కుటుంబాలను గమనించాడు. వాళ్ళకు కీళ్ళ దగ్గర, మడమ వెనక నరం మీద పసుపుపచ్చని గడ్డలు. రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువ. చిన్న వయసులోనే గుండెజబ్బు. ఇది తరతరాలకూ వస్తోంది.

1973-74లో అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ ఇలాంటి పిల్లల చర్మ కణాలను పరిశీలించి కారణం పట్టుకున్నారు. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను అందుకుని లోపలికి లాక్కోవడానికి కణాల మీద ఉండే కొక్కేలు ఈ పిల్లల్లో పనిచెయ్యడం లేదు. అందువల్ల ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతోంది. 1985లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. లోపం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే నడివయసులోనే, ఒక్కోసారి అంతకుముందే గుండెపోటు. ఇద్దరి నుంచీ వస్తే చిన్నతనంలోనే గుండెజబ్బు. ఆ పిల్లలు సిగరెట్లు తాగలేదు, ఆఫీసు ఒత్తిడి లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా ఎల్‌డీఎల్.

ఒక పక్క నుంచి వచ్చే లోపం సుమారు 250-300 మందిలో ఒకరికి ఉంటుంది. అంటే అరుదైన జబ్బేమీ కాదు. ఇక్కడ తెలుగువాళ్ళు ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఇద్దరి నుంచీ లోపం రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరికీ అది ఉండాలి. మేనరికాల్లో, అక్కకూతుర్ని చేసుకునే ఇళ్ళలో ఆ అవకాశం ఎక్కువ. మనకీ ఉంది ఆ ఆచారం, బస్తర్ గోండులకీ మేనరికం ఆచారం ఉంది. "ఆస్తి బయటికి పోకూడదు" అనుకున్నప్పుడు లోపల ఉండిపోయేది ఆస్తి ఒక్కటే కాదు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. కొందరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ తక్కువ. 2006లో అమెరికా నల్లజాతీయుల్లో ఒక అధ్యయనం వచ్చింది. పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచెయ్యనివాళ్ళకు ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువ. వాళ్ళలో గుండెజబ్బు 88 శాతం తక్కువ. జన్యువును పంచేది ప్రకృతి. అందులో మందుల కంపెనీ ప్రమేయం లేదు. ఎక్కువ ఉంటే జబ్బు ఎక్కువ, తక్కువ ఉంటే జబ్బు తక్కువ. బూచి వాదం ఇక్కడే కూలిపోతుంది.

రైల్వే డాక్టరు లెక్కలు

ఇక జనాభా లెక్కల దగ్గరకు వద్దాం. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఎంచుకుని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. బీపీ, పొగాకు, కొలెస్టరాల్ ఎక్కువున్న వాళ్ళకు గుండెజబ్బు ఎక్కువని తేలింది. 1958లో ఆన్సెల్ కీస్ ఏడు దేశాల అధ్యయనం మొదలుపెట్టాడు. ఆ దేశాలను తనకు అనుకూలంగా ఎంచుకున్నాడని, దేశాల సగటులను పోల్చి మనుషుల గురించి చెప్పకూడదని కీస్‌ను విమర్శించేవాళ్ళు చాలామంది. ఆ విమర్శలో కొంత పస ఉంది.

సరిగ్గా ఆ విమర్శకులే మన దేశంలో జరిగిన ఒక అధ్యయనాన్ని నెత్తిన పెట్టుకుంటారు. 1967లో రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. 1958-62 మధ్య సుమారు 11 లక్షల 50 వేల మంది రైల్వే ఉద్యోగుల రికార్డులు చూస్తే, పంజాబు కంటే మద్రాసు ప్రాంతంలో గుండెజబ్బు ఏడు రెట్లు ఎక్కువ. కానీ పంజాబీలు తినే కొవ్వు ఎనిమిది నుంచి పంతొమ్మిది రెట్లు ఎక్కువ, అదీ ఎక్కువగా పాల కొవ్వు. ఇంకేం, నెయ్యి గుండెకు మంచిదని ఋజువైపోయిందంటారు.

ఏం ఋజువైంది? రెండు ప్రాంతాల సగటులను పోల్చారు. ఏ రైల్వే కార్మికుడి రక్తంలో ఎంత కొలెస్టరాల్ ఉంది, ఆ మనిషికి తరువాత ఏమయింది అనేది వెంబడించి చూడలేదు. ప్రాంతానికీ ప్రాంతానికీ తిండిలో కొవ్వు ఒక్కటే తేడా కాదు. కీస్ మీద వేసిన అభ్యంతరం మల్హోత్రాకు అంతకంటే గట్టిగా వర్తిస్తుంది. ఎందుకంటే కీస్ బృందం కనీసం ఒక్కొక్క మనిషి రక్తాన్నీ పరీక్షించి తరువాత ఏళ్ళ తరబడి గమనించింది. తమకు నచ్చని ఫలితానికి ఒక తూకం, నచ్చిన ఫలితానికి ఇంకో తూకం వేసేవాణ్ణి హేతువాది అనలేం. మల్హోత్రా లెక్కలు పనికిరానివి కావు. కొవ్వు ఒక్కదానితో అన్నీ వివరించలేమని అవి ఆనాడే హెచ్చరించాయి. ప్రశ్న లేవనెత్తడం వేరు, జవాబు ఋజువు చెయ్యడం వేరు.

కుడిచేతిలో గుగ్గులు, ఎడమచేతిలో డాల్డా

మన దేశంలో ఇంకో రెండు కథలు ఉన్నాయి. 1960ల్లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు, ఆయుర్వేదంలో మేదోరోగానికి చెప్పిన గుగ్గులును కుందేళ్ళ మీద పరీక్షించారు. వాటిలో కొలెస్టరాల్ తగ్గింది. తరువాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాన్ని మందుగా అభివృద్ధి చేసింది. 1980ల్లో అది మార్కెట్లోకి వచ్చింది. పాత గ్రంథంలో ఉందని కళ్ళకద్దుకోకుండా పరీక్షించిన ఆమె పద్ధతి మెచ్చుకోదగింది. 2003లో అమెరికాలో 103 మంది మీద, ఉత్తుత్తి మాత్రతో పోలుస్తూ ఎనిమిది వారాలు పరీక్షించారు. గుగ్గులు తీసుకున్నవాళ్ళలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది. కుందేలు ఆశ పుట్టిస్తుంది, తీర్పు చెప్పేది మనుషుల మీద జరిగే పరీక్షే.

రెండోది డాల్డా. 1937లో మార్కెట్లోకి వచ్చిన ఈ వనస్పతి, నెయ్యి కొనలేని కోట్ల ఇళ్ళలోకి చేరింది. చెట్టు నుంచి వచ్చిన నూనె కాబట్టి అందులో కొలెస్టరాల్ లేదు. అది నిజం. కానీ నూనెను గడ్డకట్టించే ప్రక్రియలో ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయని 1990లో నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కటాన్ చూపించారు. మన ఆహార భద్రతా సంస్థ నూనెల్లో ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి పరిమితం చేసింది 2022 జనవరి నుంచి. అంటే విషయం తెలిసిన 30 ఏళ్ళ తరువాత. ఇప్పటికీ నూనె ప్యాకెట్ల మీద "కొలెస్టరాల్ లేదు" అని గొప్పగా కనిపిస్తే నవ్వుకోండి. ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్టరాల్ ఉండదు. బస్తర్ ఇప్పనూనెలోనూ లేదు. కానీ అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. అడవి నూనె అన్నంత మాత్రాన రసాయన శాస్త్రం మారదు.

బస్తర్ అసలు ఏం చెబుతుంది

ఓరుగల్లు పతనం తరువాత అన్నమదేవుడు వెళ్ళి రాజ్యం స్థాపించాడని చెప్పుకునే బస్తర్ తెలుగువాళ్ళకు పరాయి ప్రాంతం కాదు. నేటి ఏడు జిల్లాల్లో కుంట, భోపాలపట్నం వైపు ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి జనం వైద్యానికి భద్రాచలం వస్తారు. 2005లో మొదలైన సల్వాజుడుం హింసకు తట్టుకోలేక వేలమంది సరిహద్దు దాటి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు.

1938లో గ్రిగ్సన్ మారియా గోండుల మీద, 1947లో వెరియర్ ఎల్విన్ మురియాల మీద పెద్ద పుస్తకాలు ప్రచురించారు. పోడు కొట్టి సామల వంటి చిరుధాన్యాలు పండించుకునే జనం వాళ్ళు. తిండి ఎక్కువగా జావ, అంబలి. తోడుగా ఆకుకూరలు, దుంపలు, ఇప్పపువ్వు, చింతపండు, ఎర్రచీమల పచ్చడి, జీలుగు కల్లు. మాంసం దొరికిన రోజు పండగ. రోజూ వేటమాంసం తినే గోండు మన ఊహల్లో ఉన్నాడు తప్ప అడవిలో లేడు. కొండలెక్కి దిగే శ్రమ, తక్కువ కొవ్వు, ఎక్కువ పీచు ఉన్న జీవితంలో గుండెపోట్లు అరుదుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి దగ్గరగా పోల్చదగ్గ ఆధునిక సాక్ష్యం బొలీవియా అడవుల్లోని త్సిమానే తెగ. 2017లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో 705 మంది పెద్దవాళ్ళ గుండె ధమనులను స్కాన్ చేశారు. 85 శాతం మందిలో సున్నపు పూడిక అసలు లేదు. వాళ్ళ సగటు ఎల్‌డీఎల్ సుమారు 91 మిల్లీగ్రాములు. ఇన్ఫెక్షన్ల వల్ల సగం మందిలో వాపు సూచించే పరీక్ష ఎక్కువగానే ఉంది. హెచ్‌డీఎల్ కూడా తక్కువే. అయినా ధమనులు శుభ్రంగా ఉన్నాయి. అంటే అడవి బిడ్డల ఉదాహరణ కొలెస్టరాల్ సిద్ధాంతాన్ని కొట్టెయ్యదు, బలపరుస్తుంది. "వాళ్ళకి గుండెపోటు లేదు కాబట్టి కొలెస్టరాల్ అబద్ధం" అనేవాళ్ళు ముందు వాళ్ళ రక్తంలో కొలెస్టరాల్ తక్కువన్న సంగతి చూడాలి.

అయితే తక్కువ కొలెస్టరాల్ అంటే మంచి ఆరోగ్యం అనుకుంటే అదీ పొరపాటే. మలేరియా సోకినప్పుడు రక్తంలో కొలెస్టరాల్ తగ్గుతుంది. తిండి చాలకపోయినా తగ్గుతుంది. 2020లో బస్తర్‌లో ఇంటింటికీ తిరిగి మలేరియా పరీక్షలు చేసినప్పుడు, మలేరియా ఉన్నట్టు తేలినవాళ్ళలో సగానికి పైగా జ్వరం లేనివాళ్ళే. ఒంట్లో క్రిమి ఉన్నా తెలియకుండా తిరుగుతున్నారు. గిరిజనుల ఆరోగ్యం మీద అభయ్ బంగ్ నాయకత్వంలో వేసిన నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం, మలేరియా మరణాల్లో మాత్రం సగం వాళ్ళవే. గుండెపోటు వచ్చే వయసు దాకా బతకనివ్వని లోకంలో గుండెపోట్లు తక్కువే ఉంటాయి.

తాతల నూరేళ్ళ సంగతీ ఇంతే. 1941-51 దశాబ్దంలో భారతీయుడి సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. అందరూ 32కే చనిపోయారని కాదు, పసిపిల్లలు చాలామంది చనిపోయేవారు. నూరేళ్ళు బతికిన తాత మనకు గుర్తుంటాడు. నలభైకే పోయిన అతని తమ్ముడూ, పురిట్లో పోయిన చెల్లెలూ కథల్లో ఉండరు. బతికినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టి తీర్పు చెప్పడం జ్యోతిష్కుడి పద్ధతి. వాళ్ళూ ఫలించిన జోస్యాలనే చెప్పుకుంటారు.

అదే బస్తర్‌లోనూ, మన ఏజెన్సీలోనూ యాస్ అనే చర్మరోగం ఉండేది. మనవాళ్ళు దానికి "కోయరోగం" అని పేరు పెట్టారు, అదేదో జాతి లక్షణం అయినట్టు. ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో పోయే జబ్బు అది. ఇంటింటికీ తిరిగి వెతికి ఇంజక్షన్లు ఇచ్చారు. దేశంలో చివరి కేసు 2003లో నమోదైంది. 2016లో భారత్‌ను యాస్ లేని దేశంగా ప్రకటించారు. కోయరోగం పోయింది, కోయలున్నారు. సిరహా పూజలతో పోనిది, ప్రకృతి జీవనంతో పోనిది, సూదిమందుతో పోయింది. అడవి జీవితాన్ని కీర్తించే మనం ఇది మరచిపోకూడదు.

గోదావరి ఒడ్డున ఏం జరిగింది

గుండెజబ్బు డబ్బున్నవాళ్ళ జబ్బు అనే నమ్మకం మన పక్కనే పటాపంచలైంది. 2003 అక్టోబరు నుంచి 2004 సెప్టెంబరు వరకు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, సుమారు 1,80,000 జనాభాలో ప్రతి మరణానికీ కారణం ఏమిటని ఇంటివాళ్ళను అడిగి నమోదు చేశారు. నమోదైన 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. అంటురోగాల వల్ల 12 శాతం. పల్లెటూళ్ళలోనే ఈ లెక్క. ఎగువనున్న బస్తర్‌కు ఇది రేపటి చిత్రం కావచ్చు.

ఆ రేపు మొదలైంది కూడా. రోడ్డు వచ్చింది, రేషన్ బియ్యం వచ్చింది. సంతలో ప్యాకెట్ చిరుతిళ్ళు, పామాయిల్ వచ్చాయి. ఆకలి తగ్గడం గొప్ప విషయం, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. కానీ బంగ్ నివేదికే చెప్పింది, గిరిజన పెద్దల్లో నలుగురిలో ఒకరికి బీపీ ఉందని. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు అనే పొగాకు ముద్దను పళ్ళకు రుద్దుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. దేశం మొత్తం మీద 2023లో వెలువడిన ఐసీఎమ్ఆర్ అధ్యయనంలో, రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉన్నవాళ్ళు 81 శాతం. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళు సుమారు 21 శాతం. హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్ళు 67 శాతం. మలేరియా ఇంకా పోకముందే బీపీ, షుగరు, గుండెజబ్బు వచ్చి చేరుతున్నాయి. రెండు కాలాల జబ్బులు ఒకే ఇంట్లో.

బూజు నుంచి వచ్చిన మాత్ర

ఇక మందుల సంగతి. 1948లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనాలయం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీసింది. అదే బాటలో 1971లో జపాన్ శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో, కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం కోసం సుమారు 6,000 రకాల బూజులను జల్లెడపట్టాడు. 1973లో ఒక పెనిసిలియం బూజులో అది దొరికింది. స్టాటిన్ మందులకు అది మూలం. మొదటిది 1987లో మార్కెట్లోకి వచ్చింది.

కొలెస్టరాల్ తగ్గించే ప్రతి మందూ మంచిదేనా? కాదు. క్లోఫైబ్రేట్ అనే మందు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్షలో కొలెస్టరాల్ తగ్గింది, మొత్తం మరణాలు మాత్రం పెరిగాయి. ఆ ఫలితాలు 1978 నుంచి వెలువడ్డాయి. 2001లో సెరివాస్టాటిన్ కండరాలను దెబ్బతీస్తోందని మార్కెట్ నుంచి తీసేశారు. 2006లో మంచి కొలెస్టరాల్‌ను పెంచే టోర్సెట్రాపిబ్ వల్ల మరణాలు పెరిగి ప్రయోగాన్నే ఆపేశారు. కాగితం మీద అంకె తగ్గడమో, పెరగడమో కాదు, మనిషి బతికాడా లేదా అనేది గీటురాయి.

ఆ గీటురాయి మీద స్టాటిన్లు నిలిచాయి. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బు ఉన్న 4,444 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి అయిదేళ్ళకు పైగా గమనించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 256 మంది, సిమ్వాస్టాటిన్ తీసుకున్నవాళ్ళలో 182 మంది చనిపోయారు. మరి ఒళ్ళునొప్పులో? 2020లో ఇంగ్లండులో, నొప్పుల వల్ల మందు మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో సుమారు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. బాధ నిజమే, దానికి కారణం ఎక్కువగా భయం. చేతబడి భయంతో మంచం పట్టినవాణ్ణి చూసిన మనకు ఇది కొత్త కాదు. నిజంగా కండరాలు దెబ్బతినేవాళ్ళు కొద్దిమంది ఉంటారు, వాళ్ళకు డాక్టరు మందు మార్చాలి.

కంపెనీల లాభం మాటకొస్తే, 2006 జూన్‌లో సిమ్వాస్టాటిన్ పేటెంటు అమెరికాలో ముగిసింది. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా దాన్ని అక్కడ జెనరిక్‌గా అమ్మింది. ఇప్పుడు అటోర్వాస్టాటిన్ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. అది ఇప్పుడు చవక మందుల్లో ఒకటి. పేదవాడికి అందని మందు అన్న మాట ఇక చెల్లదు. అందించే యంత్రాంగం ఉందా అన్నదే ప్రశ్న.

మనం అడగాల్సినవి

"వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, యాపిల్ వెనిగర్, తేనె కలిపి తాగితే గుండెలో బ్లాకులు కరిగిపోతాయి" అనే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. పంపినవాళ్ళను మూడే ప్రశ్నలు అడగండి. ఎంతమంది మీద పరీక్షించారు? తాగని గుంపుతో పోల్చారా? చివరికి బతికినవాళ్ళను, చనిపోయినవాళ్ళను లెక్కపెట్టారా? ఇవే ప్రశ్నలు మందుల కంపెనీనీ అడగండి. తూకం ఒక్కటే ఉండాలి.

భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, మామూలు మనుషులకు ఎల్‌డీఎల్ 100 లోపు, ముప్పు ఎక్కువున్నవాళ్ళకు 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళ లాంటి అతి ముప్పువాళ్ళకు 55 లోపు ఉండాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే తోబుట్టువులూ, పిల్లలూ పరీక్ష చేయించుకోవాలి. మేనరికం ఇళ్ళలో మరీ ముఖ్యం. గుండెపోటు వచ్చినవాళ్ళు ఎవరో చెప్పారని స్టాటిన్ మానెయ్యడం ప్రాణంతో చెలగాటం.

బస్తర్‌కు కావలసింది మన పొగడ్తలు కాదు. ఉపకేంద్రంలో బీపీ చూసే మనిషి, మలేరియా మందు పక్కనే బీపీ మాత్ర, స్టాటిన్ మాత్ర, పొగాకు మానెయ్యమని వాళ్ళ భాషలో చెప్పే కార్యకర్త. వాళ్ళ ధమనులు ఇంతకాలం శుభ్రంగా ఉన్నాయంటే అందులో వాళ్ళ శ్రమ, వాళ్ళ తిండి పాత్ర ఉంది. వాళ్ళ ఆయుష్షు తక్కువగా ఉందంటే అందులో మన నిర్లక్ష్యం పాత్ర ఉంది. మొదటిది నిలుపుకుంటూ రెండవది పోగొట్టడం సాధ్యమే. కోయరోగం విషయంలో ఒకసారి చేసి చూపించాం కూడా.